కుప్పంలో లేని నర్సరీ

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నాకు తెలియని విషయమంటూ లేదు. తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. మదనపల్లెలో ఒక మందుల షాపు మిద్దె మీద రెండు గదుల ఆఫీసు మాది. ఊళ్లోని వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్లం. వాటిలోకి మాటలు రాయడం నా పని. మా సీనియర్ అన్న మొదటిరోజే గుట్టు విప్పేశాడు. "సూడు పాపా, జనం నెట్లో ఏ మాట కొట్టి ఎతుకుతారో అదే కీవర్డ్. పేజీలో అది ఎన్నిసార్లుంటే మనం అంత పైన కనపడతాం" అన్నాడు. (ఆయన రాసిన పేజీలు ఎక్కడా కనపడేవి కావు. అది గమనించే తెలివి అప్పట్లో నాకు లేదు.)

నా చేతికి మొదట చిక్కినవాడు మా మేనమామ. ఊరి బయట నీడవల కింద ట్రేలలో టమోటా నారు పెంచి రైతులకు అమ్మేవాడు. నారుకు గడువుంటుంది. నెల దాటి ముదిరితే ఎవరూ తీసుకోరు. "ఈసారి విత్తనం రెండింతలు వెయ్యి మామా, జనాన్ని నేను రప్పిస్తా" అన్నాను. పాపం, నమ్మి వేశాడు. నేను కూర్చుని "మదనపల్లె టమోటా నారు కావాలా? మదనపల్లె టమోటా నారు కోసం వెతికేవారికి మదనపల్లె టమోటా నారు ఇచ్చే మదనపల్లె టమోటా నారు నర్సరీ ఇదే" అని రాశాను. అంతటితో ఆగితే బాగుండేది. పక్క ఊళ్లవాళ్లు కూడా వెతుకుతారు కదా అని పుంగనూరులో టమోటా నారు, కుప్పంలో టమోటా నారు అని అవే వాక్యాలను ఊరి పేర్లు మార్చి దట్టించాను. ఆ ఊళ్లలో మామకు ట్రే కాదు కదా, ఒక్క మొక్క కూడా లేదు.

గర్వంగా మామ ఇంట్లో చదివి వినిపించాను. మా అత్త చేతిలోని చాట పక్కన పెట్టి, "ఇదేం జపం పాపా?" అంది. మామ మాత్రం ఇలా అడిగాడు.

"యాలమ్మా, ఒగసారి చెబితే ఆ కంప్యూటర్కి ఇనపడదా?"

"నీకు తెలీదులే మామా" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పేజీ వారం రోజులు నిజంగానే పైన కనపడింది. మామకు ఫోన్లు వచ్చాయి. "అప్పా, కుప్పం బస్టాండులో దిగినా. పొద్దున్నించి తిరగతాండా. మీ నర్సరీ యాడుండాది?" అని ఒక రైతు అడిగాడు. "ఆడ లేదప్పా, మదనపల్లెలో ఉండాది" అన్నాడు మామ. "మరి కుప్పంలో ఉండాదని అన్నిసార్లు రాసుకోనుండారే!" అని ఆ మనిషి కోపంగా ఫోన్ పెట్టేశాడు. మర్నాడు పుంగనూరు నుంచి ఇద్దరు ఫోన్ చేసి అలాగే తిట్టారు. అబద్ధాల నర్సరీ అని పేరొచ్చింది. మామూలుగా వచ్చే రైతులు కూడా తగ్గారు. ఒకే మాట దట్టించిన పేజీలను నెట్ పక్కన పెట్టేస్తుందట, ఆ తర్వాత మా పేజీ అక్కడ కనపడకుండానే పోయింది.

నారు మాత్రం ఆగలేదు. రోజూ కాస్త పెరిగి, పాలిపోయి, ఒకదాని మీద ఒకటి వాలిపోయింది. చివరికి మామ ట్రేలన్నీ ఒక్కడే దిబ్బలో దులిపాడు.

"రాసుకో పాపా" అన్నాడు ఆ సాయంత్రం. "నర్సరీ మదనపల్లెలోనే ఉండాది. కుప్పంలో లేదు, పుంగనూరులో లేదు. వచ్చే ముందర ఫోన్ చేసి, నారు ఎన్ని దినాలదో అడిగి బస్సెక్కండి."

పాతదంతా చెరిపి అదే పెట్టాను. జనం అడిగేదానికి జవాబు అందులో ఉంది కాబట్టి, కొన్నాళ్లకు మూడు ఊళ్లవాళ్లకూ ఆ పేజీ పైన కనపడసాగింది. అప్పటికి మామ నీడవల విప్పి అమ్మేశాడు.

ఆ పేజీ తీసేయడానికి నాకు చేతులు రాలేదు. అందులో ఇప్పుడు నా నంబరే ఉంది. ఇన్నేళ్లుగా కీవర్డులతోనే బతుకుతున్న పెద్ద రాతగత్తెను నేను. ఎప్పుడైనా కుప్పం నుంచి ఎవరో నారు ఉందా అని అడిగితే, "లేదప్పా, మూసేసినాం" అంటాను. ఒక్కసారే చెబుతాను. వినపడుతుంది.