గంగ రాసిన తొమ్మిది లైన్లు

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే రోడ్డు మీద బస్సు దిగి, అరగంట నడిస్తే గంగ వాళ్ల తండా. తండ్రి హరిచంద్ ఏటా చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర దిక్కు పోయేవాడు. ఆ తండాలో డిగ్రీ దాకా చదివిన మొదటి ఆడపిల్ల గంగే. కామారెడ్డిలో హాస్టల్లో ఉండి కంప్యూటర్స్‌తో బీఎస్సీ చేసింది. 2011లో, ఇరవై రెండేండ్ల వయసులో, ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర బాలమల్లు నడిపే నెట్ సెంటర్లో పనికి చేరింది. నేనిక్కడ రాసేదంతా ఆమె నాకు చెప్పిందే. తన తప్పు కూడా దాచకుండా చెప్పింది.

ఆ రోజుల్లో పెన్ డ్రైవులకు ఒక వైరస్ పట్టింది. ఫోల్డర్లన్నీ మాయమై, వాటి పేర్లతో ఉత్త షార్ట్‌కట్లు మిగిలేవి. పెళ్లి ఫోటోలు పోయాయని, దుబాయి వీసా కాగితాలు పోయాయని జనం గాబరాగా వచ్చేవారు. నిజానికి ఫైళ్లు ఎక్కడికీ పోవు, కనబడకుండా ఉంటాయంతే. డిగ్రీలో నేర్చుకున్న పాత డాస్ కమాండ్లతో గంగ నోట్‌ప్యాడ్‌లో తొమ్మిది లైన్లు రాసి, ఒక్కసారి నొక్కితే అన్నీ వరసగా నడిచే బ్యాచ్ ఫైలు చేసింది. దాన్ని నొక్కితే నల్ల తెర ఒకటి తెరుచుకునేది. పెన్ డ్రైవులో ఉన్నదంతా ముందు సెంటర్లోని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ అయ్యేది, ఆ తర్వాత దాగినవి బయటపడేవి. మధ్యలో ఏదైనా తేడా వస్తే చేతిలో ఒక కాపీ ఉండాలని ఆ ఏర్పాటు. సాయంత్రం ఇంటికి పోయేముందు ఆ కాపీలన్నీ తనే చెరిపేసేది.

"ఆ నల్ల తెర మీద అక్షరాలు ఉరుకుతుంటే నన్ను డాక్టరమ్మను చూసినట్టు చూసేటోళ్లు" అని చెప్పిందామె.

ఒకరోజు బాలమల్లు ఆమె వెనక నిలబడి చూస్తూ, "గంగా, కాపీలెందుకు తీసేస్తున్నవ్? ఎవలన్న మల్లొచ్చి అడిగితే?" అన్నాడు.

సబబే అనిపించింది. చెరపడం మానేసింది.

ఇంకో నెలకు మళ్లీ అడిగాడు. "పెన్ డ్రైవు పెట్టంగనే దానంతటదే కాపీ అయ్యేటట్టు చెయ్యొస్తదా? ఆ నల్ల తెర కనబడొద్దు. వైరస్ వచ్చిందని కస్టమర్లు భయపడుతుండ్రు."

"చెయ్యొస్తది అన్నా. రేపటికల్లా చేస్త."

మర్నాటికి చేసింది. కంప్యూటర్‌కు ఎవరి పెన్ డ్రైవు పెట్టినా ఐదు సెకన్లలో కాపీ మొదలయ్యేది. తెర మీద ఏమీ కనబడేది కాదు. కస్టమర్ ప్రింటు తీసుకుని పోయేలోపు అతని పెన్ డ్రైవులో ఉన్నదంతా డిస్కులోకి చేరేది. అది సరిగ్గా నడిచిన రోజు తనకు తానే శభాష్ అనుకుంది గంగ. ఆ మాట చెబుతున్నప్పుడు నా ముఖం వైపు చూడలేదు.

డిస్కు నిండితే బాలమల్లు ఇంకా పెద్దది తెచ్చాడు. ప్రతి సోమవారం దాన్ని సంచిలో వేసుకుని కామారెడ్డి పోయేవాడు, ఖాళీ చేసి తెచ్చేవాడు. "అక్కడ మా దోస్తున్నడు. అన్నీ జాగ్రత్తగ పెడుతడు" అనేవాడు. ఎవరి ఫోటోలు ఎవరి దగ్గర జాగ్రత్త చేస్తున్నారని ఆమెకు అనుమానం రాకపోలేదు. అయినా అడగలేదు.

2012 ఎండాకాలంలో అనిల వచ్చింది. ఆమె బీఈడీ చదువుతోంది. సొంతూరు రామారెడ్డి, ఎల్లారెడ్డిలో అక్కగారింట్లో ఉంటోంది. అంతకు రెండు వారాల ముందు బయోడేటా ప్రింట్లు తీయించుకుపోయింది. ఈసారి చేతిలో పెన్ డ్రైవు లేదు. కౌంటర్ దగ్గరికి వంగి మెల్లగా అడిగింది.

"అక్కా, నా పెన్ డ్రైవుల ఉన్నయి ఎవలకన్న ఇచ్చినవా?"

"లేదమ్మా. ఏమైంది?"

"ఎవలో ఫోన్ చేస్తుండ్రు. రోజూ నాలుగింటికే. పేరు చెప్పరు. మొన్న... పచ్చ గోడ ముంగట నవ్వుతున్నవ్ అన్నడు. నిన్న, ఆ పొద్దు నీ మీద చున్నీ లేదు అన్నడు." అనిల ఒకసారి వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. "అది డిగ్రీలున్నప్పుడు హాస్టల్ రూమ్‌ల దోస్తులు తీసిన ఫోటో అక్కా. ఆ పెన్ డ్రైవుల తప్ప యాడ లేదు. నా నంబర్ గూడ ఎట్ల దొరికిందో."

నంబర్ బయోడేటాలో ఉంది. ఆ సంగతి గంగకు అక్కడికక్కడే తట్టింది. "కనుక్కుంట" అని మాత్రం అంది.

ఆ మంగళవారం బాలమల్లు భోజనానికి పోగానే డిస్కు తెరిచింది. కామారెడ్డి నుంచి ఎప్పుడూ ఖాళీగా వచ్చేది, ఆసారి ఒక ఫోల్డర్ తీసెయ్యడం మరిచినట్టున్నారు. గంగ రాసిన ఫైలు కాపీలకు తేదీ, టైము మాత్రమే పేరుగా పెట్టేది. ఇందులో మనుషుల పేర్లున్నాయి. పేరు పక్కన ఊరు, ఊరి పక్కన ఫోన్ నంబర్. అనిల, రామారెడ్డి. భూమక్క, మాచారెడ్డి. ఎవరో కూర్చుని ఓపిగ్గా ఒక్కొక్కరి ఫోటోలు ఏరి, వాళ్ల కాగితాల్లోంచి నంబర్లు తీసి జత చేశారు. మొత్తం పదిహేడు పేర్లు. పదకొండోది గంగ, తండా.

తన పెన్ డ్రైవు కూడా ఆ కంప్యూటర్‌కే పెట్టేది కదా. లోపల చెల్లెలు చందన తీసిన ఫోటోలున్నాయి. పెరట్లో తల స్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటున్నవి.

బయట ఆటోవాళ్లు కామారెడ్డి, కామారెడ్డి అని అరుస్తున్నారు. బాలమల్లు తిరిగొచ్చే వేళయింది. డిస్కు పీకి చున్నీలో చుట్టుకుంది. తన తొమ్మిది లైన్లను చెరపబోయి ఆగిపోయింది. చెరిపితే రుజువు ఉండదు. వాటినట్లాగే వదిలి, బ్యాగు కూడా తీసుకోకుండా బయటికి నడిచింది.

ఇంటికి పోయి తండ్రికి చెప్పింది. హరిచంద్‌కు కంప్యూటర్ సంగతి ఏమీ తెలియదు. ఒక్కటే అడిగాడు, లంబాడీలో: అది రాసింది నువ్వేనా? అవునంది. ఆయన లేచి అంగీ తొడుక్కుని, పద అన్నాడు.

పోలీస్ స్టేషన్‌కు అనిలనూ, ఆమె తల్లి శాంతవ్వనూ కూడా పిలిపించారు. ఇన్‌స్పెక్టర్ డిస్కు తీసుకుని కాగితం రాయించుకున్నాడు. బాలమల్లు వచ్చాడు. ఏమాత్రం బెదరలేదు.

"నాకు మౌస్ పట్టుకునుడే సరిగ్గ రాదు సార్. అంత ఈ పిల్లనే చేసింది. అడుగుండ్రి."

ఇన్‌స్పెక్టర్ గంగ వైపు తిరిగాడు.

"రాసింది నేనే సార్" అంది గంగ. "ఎవలు రాయమన్నరో, ఎవలు కామారెడ్డికి మోసిండ్రో గది గూడ రాసుకోండ్రి."

శాంతవ్వ ఆమె భుజం పట్టి తనవైపు తిప్పుకుంది. "నా బిడ్డ మూడు దినాల సంది అన్నం ముట్టలే. నీకు చేతులెట్లొచ్చినయే?" అంటూ ఏడ్చింది. గంగ ఆ చేతిని తీసెయ్యలేదు.

పోలీసులు కామారెడ్డి పోయేసరికి దోస్తు గదికి తాళం ఉంది. తాళం తీయించి చూస్తే, బల్ల మీద డిస్కులు పెట్టిన గుర్తులు దుమ్ములో నలుచదరంగా మిగిలాయి. మనిషి దొరకలేదు. బాలమల్లు మీద కేసయింది, గంగ పేరు కూడా అందులో చేరింది. తర్వాత సాక్షిగా మార్చారు. అనిలకు ఫోన్లు పది రోజులు ఆగి, వేరే నంబర్ నుంచి మళ్లీ మొదలయ్యాయి. ఆమె సిమ్ మార్చింది. తిట్టిన శాంతవ్వే ఆ ఏడాది పరీక్షలకు కూతురి వెంట రోజూ పోయి గేటు దగ్గర కూర్చుంది. అనిల పాసయింది.

స్టేషన్లో డిస్కు తెరిచి చూపించినప్పుడే గంగ ఆ పదిహేడు పేర్లూ కాగితం మీద రాసుకుంది. ముందే తెలిస్తే కనీసం ఫోన్ వచ్చినప్పుడు భయపడి ఎవరికీ లొంగరని ఆమె ఆశ. ఊరూరూ తిరిగింది. ఒక ఇంట్లో మజ్జిగ ఇచ్చారు. ఇంకో ఇంట్లో చెప్పు తీశారు. మాచారెడ్డిలో భూమక్క పూర్తిగా విని, పిల్లకు జడ వేస్తూనే అడిగింది.

"అయితే అవి ఇప్పుడు ఎవల తాన ఉన్నయ్?"

"తెల్వదక్కా."

"ఎన్ని కాపీలైనయ్?"

"అది గూడ తెల్వది."

భూమక్క చేతులు ఆగిపోయాయి. లేచి, వీధి తలుపు దగ్గరికి వేసి గొళ్లెం పెట్టింది. పట్టపగలు ఎండ మండిపోతోంది.

2014లో నేను కలిసేటప్పటికి గంగ కామారెడ్డిలో ఒక విత్తనాల దుకాణంలో బిల్లులు కొడుతోంది. ఎవరైనా పెన్ డ్రైవు చాపితే చేత్తో ముట్టదు, వాళ్లనే పెట్టుకోమంటుంది. పదకొండిండ్లకు పోయి వచ్చానంది. తన పేరు పోగా ఇంకా ఐదు మిగిలాయి. అందులో ఒక ఇంటికి మూడుసార్లు పోయిందట. మూడుసార్లూ తాళమే ఉంది. ఆ పిల్ల ఎటు పోయిందంటే పక్కింటివాళ్లు తల తిప్పుకుని లోపలికి పోయారట.