తొలి ప్రయాణం దేవునిది

మా వీధి చివరి ఇంట్లో ఇప్పటికీ ఆముదం సొంతంగా వండుకుంటారు. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో వేసి ఉడకబెడుతుంటే ఆ ఘాటు వీధి వీధంతా కమ్ముకుంటుంది. మొన్న పొద్దున ఆ వాసన రాగానే మా మనవరాలు ముక్కు మూసుకుని లోపలికి పరిగెత్తింది. నేను మాత్రం చీపురు చేతిలో పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాను. ఆముదం వాసనకు అందరికీ తలంటులూ బాలింతలూ గుర్తొస్తారు. నాకు మోటారు కార్లు గుర్తొస్తాయి. వేడెక్కిన ఇంజను మీద చిటచిటమని కాలే ఆముదమూ, ఆ పొగలో తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని, ఇంజను చప్పుడు వింటున్న మా మామ దేవదానమూ గుర్తొస్తారు.

అది రెండో యుద్ధం రాకముందు మాట. కర్నూలు నుంచి నంద్యాలకు పోయే దారిలో, ఓర్వకల్లు రాళ్ళగుట్టల అవతల ఒక పల్లెకు నన్ను కోడలిగా ఇచ్చారు. ఊళ్ళో రైతుల పెరళ్ళలో ఎద్దులుంటే మా పెరట్లో కార్లు ఉండేవి, అవీ మూడు. మా మామ వయసులో ఉన్నప్పటినుంచీ మిషన్ దొరలకు కారు నడిపాడు. ఒక దొర ఓడెక్కి తమ దేశానికి వెళ్ళిపోయినప్పుడో, ఇంకో దొరకు కొత్త కారు వచ్చినప్పుడో, ఇక కొనేవాడు లేని పాత కారును “నువ్వే ఉంచుకో దేవదానం” అని వదిలేసేవారు. అలా చేరినవి ఆ మూడూ. పెద్ద ఇత్తడి దీపాలున్న దాన్ని ముసలిది అనేవాడు, గుడ్డ టాపు ఉన్నది పచ్చది, చివరగా వచ్చింది నల్లది. జొన్నచొప్ప కప్పిన కొట్టంలో వరుసగా నిలబెట్టి, పొద్దున్నే బిగించి ఉన్నవాటన్నిటినీ హ్యాండిలు తిప్పి ఒకసారి పలికించందే గంజి ముట్టేవాడు కాదు. కాపురానికి వెళ్ళిన మొదటి పొద్దున ఆ చప్పుడుకు నేను ఉలిక్కిపడి లేచి బయటికి వస్తే, మా అత్త సంతోషమ్మ పొయ్యి ముందు కూర్చుని నవ్వింది. “భయపడాకు. మీ మామ ప్రార్థన చేసుకుంటాండాడు” అంది.

ఆ కార్లను బతికించడం అంటే మాటలు కాదు. టిన్నుల్లో వచ్చే మోటారు నూనె కర్నూలులో తప్ప దొరికేది కాదు, దొరికినా అన్నిసార్లూ మాకు అందేది కాదు. ఆముదానికి మా సీమలో ఏం కొదవ? అదే పోసేవాడు. ఆముదంతో ఇంజను మెత్తగానే నడుస్తుంది గానీ, కాలిన ఆముదం లోపల జిగురులా పేరుకుపోతుంది. కొంతకాలం కాగానే మొత్తం విప్పి, గోకి, కడిగి మళ్ళీ బిగించాలి. మూడు కార్లు కాబట్టి ఎప్పుడు చూసినా ఏదో ఒకటి విప్పే ఉండేది. ఒకదాని సామాను ఇంకొకదానికి వేసేవాడు. ఇల్లలకగానే పండుగైనట్టు కాదంటారు. మా ఇంట్లో అలకడమే ఎప్పటికీ అయ్యేది కాదు.

కొడుకులిద్దరికీ ఆ పని ఒంటబట్టలేదు. మా ఆయన నంద్యాల బడిలో పంతులు, వారానికొకసారి వచ్చేవాడు. మరిది సైన్యంలో చేరిపోయాడు. అందుకని మామ ఒకరోజు నన్ను పిలిచి, దుప్పటి ఒకటి పరిపించి, తాను విప్పి ఇచ్చే ప్రతి ముక్కనూ విప్పిన వరుసలోనే దాని మీద పెట్టమన్నాడు. మామ ముందు కూర్చోవడానికే సిగ్గుపడే కోడలిని, మోచేతుల దాకా మసి పూసుకుని కూర్చున్నాను. వాల్వులను వాటి గూళ్ళలో గరుకు పొడితో నూరడం, ఇత్తడి రేకులను గీకడం, పానా ఎంతవరకు తిప్పాలో మణికట్టుతో తెలుసుకోవడం అన్నీ ఆయనే నేర్పాడు. విసుగు లేకుండా పని చేయడం నాకు ఏమైనా వచ్చిందంటే అది ఆ దుప్పటి దగ్గర వచ్చిందే. ఊళ్ళో ఆడవాళ్ళు బావి దగ్గర నన్ను చూసి మూతులు తిప్పుకునేవాళ్ళు. ఆ సంగతి మామకు చెబితే, వాళ్ళ పెళ్ళిళ్ళకు కారు కావలసినప్పుడు ఆ మూతులు వాటంతటవే సరిగ్గా తిరుగుతాయిలే అన్నాడు. అలాగే తిరిగాయి కూడా.

ఆ కార్లలో ఎక్కనివాళ్ళు లేరు. రెడ్ల పెళ్ళికూతుళ్ళు ఎక్కారు. పాస్టరు అయ్యగారు ఎక్కారు, గుడి హార్మోనియం ఎక్కింది, పాము కరిచిన వాళ్ళు ఎక్కారు. ఎక్కనిది మా అత్త ఒక్కతే.

అందుకు కారణం చెప్పాలి. మాలాంటి క్రైస్తవ ఇళ్ళలో తొలి ఫలం దేవునిది. మొదటి కోతలో ఒక మోపు, పెట్ట పెట్టిన మొదటి గుడ్డు, మొదట కాసిన సొరకాయ గుడికి పోవలసిందే. ఆ తర్వాతే ఇంటికి. మా మామ ఈ లెక్కను కార్లకూ పెట్టుకున్నాడు. ఇంజను విప్పి బిగించాడంటే ఆ బండి మళ్ళీ పుట్టినట్టేనట. కాబట్టి దాని తొలి ప్రయాణం దేవుని పనికి. పాస్టరు గారిని ఏదో పల్లెకు ప్రభుభోజనం ఇవ్వడానికి తీసుకుపోవడమో, సువార్త కూటాలకు జనాన్ని చేరవేయడమో. ఉచితంగా కారు వస్తుందంటే సంఘం ఊరుకుంటుందా? లోపల కూర్చోగా మిగిలినవాళ్ళు ఫుట్‌బోర్డుల మీద నిలబడేవాళ్ళు. ఆ రాళ్ళదారిలో అంత బరువు మోసి వచ్చిన ముసలి బండి తిరిగి రాగానే ఏదో ఒకటి విరగ్గొట్టుకునేది. మళ్ళీ విప్పడం, బిగించడం, మళ్ళీ తొలి ప్రయాణం. అత్త వంతు వచ్చేటప్పటికి బండి ఎప్పుడూ దుప్పటి మీదే ఉండేది.

అత్తకు కారు మోజేమీ లేదు. కావలసింది ఒక్కటే. ఆమె అక్క రాహేలమ్మను కోవెలకుంట్ల దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. కాస్త ఉన్నవాళ్ళు. మా అత్త పెళ్ళినాడు ఆ బావ, నలుగురిలో, పరాయివాళ్ళ బండి కడిగేవాడికి పిల్లనిచ్చారని నవ్వాడట. రాహేలమ్మ ఆ మాటకు అన్నం మానేసి ఏడ్చిందట. ఆ అక్క ఇంటి ముందు, సొంత కారులోంచి, మొగుడు తలుపు తీస్తే దిగాలని అత్త కోరిక. మామే మాట ఇచ్చాడు, నా కారులోనే నిన్ను మీ అక్క దగ్గరికి తీసుకుపోతాను అని. ఆ మాట పట్టుకుని ఆమె ఏళ్ళ తరబడి బస్సెక్కలేదు. “దేవునికి కాళ్ళు లేవా ఏందిమ్మే, నడిచిపోయేదానికి?” అని నాతో నవ్వుతూ అనేది గానీ మామ ముందు ఒక్కనాడూ అనలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, పెరట్లో మూడు కార్లుండీ ఆమెకు ఒక్కటీ అక్కరకు రాలేదు.

ఒక ఏడు రాహేలమ్మకు రొమ్ము పడిశం పట్టి మంచాన పడిందని కబురొచ్చింది. మిగతా రెండూ విప్పి ఉన్నాయి, మామ అప్పుడు పచ్చదాన్ని బిగిస్తున్నాడు. గబగబా ముగించి ఆదివారం పాస్టరు గారిని పక్క పల్లెకు తీసుకుపోయి, ఏ దెబ్బా తగలకుండా వెనక్కి తెచ్చాడు. అది మా ఇంట్లో ఎన్నడూ జరగని వింత. సోమవారం పొద్దున అత్త నీళ్ళు పోసుకుని, ఎర్రంచు నేతచీర కట్టి, అక్కకు బొరుగుల ఉండలు మూట కట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ముఖాన పెళ్ళికూతురి కళ. మామ హ్యాండిలు తిప్పాడు. ఇంజను పలికింది. అత్త తలుపు మీద చెయ్యి వేసింది.

మామ తల పక్కకు వంచాడు. సన్నగా, ఎక్కడో లోపల, టక్కుమన్న చప్పుడు. నాకూ వినిపించింది.

“ఆగు” అన్నాడు అత్తతో.

నేను ఉండబట్టలేక, అంత చిన్న చప్పుడుకు ఏమీ కాదు, కోవెలకుంట్లకు పోయి రావచ్చు అన్నాను. ఆయన నా వైపు తిరిగాడు. “పోవచ్చుమ్మా. దారిలో నిల్చిపోతే? వాళ్ళ బావ ఎద్దులు తోలకొచ్చి బండి ఈడ్పించుకొని పోతే? ఈమె ఆ ఇంటి ముందర అట్ల దిగల్లనా?” అన్నాడు.  ఆ మాటలో ప్రేమ లేదని ఎవరనగలరు? అందుకే ఈ కథ తలచుకుంటే ఆయన మీద కోపం కూడా పూర్తిగా రాదు.

బానెట్టు తెరిచాడు. మధ్యాహ్నానికి ఇంజను దుప్పటి మీదికి వచ్చింది. అత్త చీర మార్చుకుని, ఉండలు పిల్లలకు పంచిపెట్టి, నాతోపాటు కూర్చుని ముక్కలు తుడిచింది.

అరిగిన బేరింగుకు కొత్త లోహం పోయించుకుని రావడానికి కర్నూలు పోవలసి వచ్చింది. బిగించేసరికి కూటాల రోజులు వచ్చాయి. కొత్తగా బిగించిన బండి, తొలి ప్రయాణం. మీరే ఊహించుకోండి. కూటాలకు జనాన్ని మోసి మోసి, తిరిగి వచ్చేటప్పుడు చక్రం ఆకులు విరిగి పచ్చది దారి పక్కన ఒరిగింది. అది ఎద్దులతో ఇంటికి చేరిన మరునాడే కోవెలకుంట్ల వైపు నుంచి ఒక మనిషి వచ్చి, రాహేలమ్మను పూడ్చిపెట్టి రెండు రోజులైందని చెప్పాడు.

అత్త గట్టిగా ఏడవలేదు. కొట్టం గుంజను పట్టుకుని నిలబడింది. మామ లోపలికి పోయి నల్లదాన్ని సిద్ధం చేయడం మొదలుపెట్టాడు. అది మూడు రోజుల ముందే విప్పి బిగించిన బండి, ఇంకా గడప దాటనిది. దాన్ని తుడిచి, నీళ్ళు పోసి, వెనక సీటు మీద ఉతికిన దుప్పటి పరిచి, వాకిట్లోకి తెచ్చి నిలిపాడు. అక్క చావు తర్వాతి ప్రార్థనకు మేం బయలుదేరుతున్నాం. ఆయన దిగి వచ్చి వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

“రా. ఎక్కు. దీని తొలి ప్రయాణం నీదే” అన్నాడు. 

అత్త ఆ దుప్పటి వైపు చూసింది. “మా అక్కకు సూపిచ్చల్లనుకుంటి. ఇప్పుడు ఎవరికి సూపిచ్చేది?” అంది. బట్టల మూట చంకలో పెట్టుకుని బస్సు రోడ్డు వైపు నడిచింది. నేను ఆమె వెంట నడిచాను. వెనక తలుపు మూసిన చప్పుడు మాకు వినపడలేదు.

అక్కడ అక్క మట్టి మాత్రమే చూసి, ప్రార్థన ముగిశాక మరునాడు బస్సులో తిరిగి వచ్చాం. బస్సు రోడ్డు మీద దింపుతుంది. అక్కడినుంచి ఊళ్ళోకి మైలు నడవాలి. తంగేడు పొదల పక్కన నల్లకారు నిలబడి ఉంది. ఎప్పటినుంచి కాచుకున్నాడో తెలియదు. మమ్మల్ని చూసి మళ్ళీ తలుపు తీశాడు. అత్త దాన్ని దాటి నడిచింది. నేను ఆగి ఆయన వైపు చూశాను. పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

కాసేపటికి వెనక ఇంజను చప్పుడు వినిపించింది. ఆయన మమ్మల్ని దాటిపోలేదు. మొదటి గేరులో, నడిచే మనిషి వేగానికి, మా వెనకాలే వస్తున్నాడు. ఎండ మండిపోతోంది. అంత నెమ్మదిగా నడిపితే ఇంజనుకు గాలి తగలదు, నీళ్ళు మరుగుతాయి. అది నాకు నేర్పింది ఆయనే. ఆముదం కాలుతున్న వాసన మా వెంటే వచ్చింది, తర్వాత ఆవిరి బుసలు. నేను వెనక్కి తిరిగి చూడలేకపోయాను. అత్త ముఖం కదలలేదు. సగం దారి అలాగే నడిచాం.

ఆమె ఉన్నట్టుండి నిలబడి వెనక్కి తిరిగింది. కారూ నిలబడింది. రేడియేటరు మూత దగ్గర ఆవిరి ఎగజిమ్ముతోంది.

“బండి కాగిపోతాండాది. నీళ్ళు పోసుకో” అంది. అంతే. మళ్ళీ నడక సాగించింది.

అదే ఆ కారు గురించి ఆమె ఆయనతో మాట్లాడిన ఆఖరి మాట. ఇంకేదైనా తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఒక మలుపు దగ్గర తిరిగి చూస్తే, ఆయన నీళ్ళ డబ్బా పక్కన పెట్టుకుని, కారు నీడలో దారి మీదే కూర్చుని ఉన్నాడు. ఆయన ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది.

తర్వాత కూడా ఆయన ఆ మూడింటినీ విప్పుతూ, బిగిస్తూనే ఉన్నాడు. ఒకరోజు వాల్వు నూరుతూ నాతో మాత్రం అన్నాడు: “ఇంట్లో మనిషిని ఆఖర్న పెట్టుకుంటినమ్మా. దేవుడు అడగకపాయె. నేనే ఇస్తాపోతి.” నేను తల ఎత్తకుండా గుడ్డ అందించాను. అత్తను మళ్ళీ ఎక్కమని ఆయన అడగలేదు, ఆమె ఎక్కలేదు. అన్నం వడ్డించింది, జ్వరమొస్తే కాళ్ళు పట్టింది, కార్లకు నీళ్ళు కూడా మోసి పోసింది. యుద్ధం వచ్చి పెట్రోలు కరువయ్యాక కార్లు ఇటుకల మీదికి ఎక్కాయి, ఒక్కొక్కటే ఇనుప సామానుకింద పోయాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఇద్దరూ పోయారు, ముందు అత్త.

మామ నేర్పిన పనితనం నా చేతుల్లో ఉంది. కుట్టుమిషను చెడితే ఇప్పటికీ దుప్పటి పరిచి వరుసగా పెట్టుకుని నేనే విప్పుతాను. తొలి ఫలం గుడికి పంపడమూ మానలేదు. కానీ ఇంట్లో ఎవరైనా, బండి బాగవనీ, పనులు తెమలనీ, తర్వాత అందరం పోదాంలే అంటే నేను ఒప్పుకోను. ఉన్న చీరతోనే వాకిట్లోకి వచ్చి నిలబడతాను. ముసలిదానికి తొందరెక్కువ అని పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. దారిలో బండి ఆగిపోతే దిగి నడుస్తాను. మా అత్తకు ఆ దిగడం కూడా దక్కలేదు.