చింతచెట్టుకి కట్టిన గూడు

భారతమ్మకి మొక్కలంటే పడదు. నిజం చెప్పాలంటే అన్ని మొక్కలూ కాదు, మొగుడు కుండీల్లో పెట్టి పొట్టిగా పెంచే మొక్కలంటేనే పడదు. అశ్వారావుపేట దగ్గర ఆ ఊళ్ళో అందరివీ పామాయిల్ తోటలే. బసవపున్నయ్యకీ తోట ఉంది, కానీ మనసంతా పెరట్లో పేర్చిన కుండీల మీదే. జువ్వి, వేప, చింత, ఏదీ మూరెడు మించదు. కొమ్మలకి తీగ చుట్టి, వేళ్ళు కత్తిరించి, పొద్దంతా వాటి ముందు గొంతుక్కూర్చునేవాడు. అన్నం చల్లారిపోతోందని ఆమె కేకేస్తే "వస్తున్నా" అనేవాడు, వచ్చేవాడు కాదు. సవతి ఉన్నా ఇంకా నయం, జుట్టూ జుట్టూ పట్టుకునైనా పోట్లాడొచ్చు అనేది భారతమ్మ. నవ్వుతూనే అనేది, కానీ అందులో సగం నిజం.

"చెట్టుకి ముందూ వెనకా ఉంటాయే, ఇటు నుంచి చూడు" అని ఆయన ఎన్నోసార్లు పిలిచాడు. ఆమెకి ఎటు నుంచి చూసినా ఒకేలా కనిపించేది. "చెట్టుకి వీపేంటండీ, చోద్యం కాకపోతే" అని లోపలికి వెళ్ళిపోయేది.

ఒకసారి ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. జపాన్లో ఎవరిదో తోట. మూడు పక్కలా చెక్కలతో మూసి, పైన చిన్న కప్పు వేసి, ఇంటి గోడలో ఉండాల్సిన గూటిని తోటలో నిలబెట్టారు. అందులో ఒకే ఒక పొట్టి చెట్టు.

"ఇన్ని కుండీలుంటే ఒక్కదానికి ఇంత కట్టడమా?" అంది.

"ఒక్కటే ఉంటేనే కళ్ళు దాని మీద నిలుస్తాయి. మనమూ కడదాం. పాత కొట్టం తాలూకు మద్ది స్తంభాలు పడున్నాయిగా."

ఏటా అదే మాట. స్తంభాలు అలాగే పడున్నాయి.

నిరుడు ఎండాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఖమ్మం దవాఖానా నుంచి ఇంటికి తెచ్చినప్పటి నుంచి గోడవైపే తిరిగి పడుకునేవాడు. తూర్పు కిటికీ తీస్తే పెరడంతా కనిపిస్తుంది, అయినా అటు చూడడు. ఎవరొచ్చి పిలిచినా తిరగడు. చూడొచ్చిన డాక్టరు వెళ్తూ వెళ్తూ "మందులు మేమిస్తాం, బతకాలని మాత్రం ఆయనకే ఉండాలమ్మా" అన్నాడు. ఆ రోజు భారతమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఎలాగైనా ఆయన్ని ఒక్కసారి ఇటు తిప్పాలి. అంతకు మించి ఆమె ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

పక్క ఊళ్ళో ఉండే వడ్రంగి వీరబాబుని పిలిపించింది. తలుపులూ పూజమందిరాలూ చేసి చేతులు కాయలు కాసిన మనిషి. ఫోన్లో ఆ జపాన్ గూడు ఫొటో చూపించి, అలాంటిదే పెరట్లో కిటికీకి ఎదురుగా నిలబెట్టమంది.

"గట్లయితే పడమర మొకం ఐతది కదమ్మా" అన్నాడు వీరబాబు.

"అయితే అయింది. మంచం మీద నుంచి ఆయనకి కనపడాలి."

వీరబాబు టేపు తీసి కొలతలు మొదలుపెట్టాడు. ఒప్పుకున్నాడనుకుంది ఆమె. చెద పట్టకుండా స్తంభాల కాళ్ళకి పాత ఇంజనాయిలు పూశాడు, చెక్కలు నున్నగా చిత్రిక పట్టాడు. పెరట్లో చెక్కని గీకే రంద చప్పుడు వినిపిస్తుంటే బసవపున్నయ్య కళ్ళు మూసుకోకుండా గోడనే చూస్తూ ఉండేవాడు. వింటున్నాడని ఆమెకి తెలుసు.

స్తంభాలు పాతే రోజున భారతమ్మ మొక్కుకోవడానికి పర్ణశాల రాముడి గుడికి వెళ్ళింది. ఇంట్లో పనిచేసే జంపక్కని ఆయన దగ్గర ఉంచింది. సాయంత్రం వచ్చేసరికి గూడు నిలబడి ఉంది. చక్కగా ఉంది. కిటికీకి వీపు పెట్టి ఉంది.

"ఏంటిది వీరబాబూ?"

"గూడన్నంక తూర్పు మొకమే ఉండాలమ్మా. దీపం పెట్టే గూడైనా గంతే గద. పడమరకు పెడితే అయ్యకు యాడ కీడు జరుగుద్దోనని..." అన్నాడు వీరబాబు. ఆమె మొహం చూశాక స్తంభం మొదలు చూపించాడు. "సిమెంటు గట్టిపడ్డది. పగలగొట్టమంటే పగలగొడత. స్తంభాలు మాత్రం చీలిపోతయ్."

తిట్టడానికి నోరు రాలేదు. మొగుడి మంచి కోరి చేసిన పనికి ఎవర్నని తిడుతుంది? గదిలోకి వెళ్తే జంపక్క మెల్లగా చెప్పింది, మధ్యాహ్నం అయ్య ఒకసారి కిటికీ వైపు తల తిప్పాడట. ఎదురుగా చెక్కలు కనిపించాయి. మళ్ళీ గోడవైపు తిరిగాడు.

భారతమ్మ చాలాసేపు ఆయన వీపునే చూస్తూ నిలబడింది. గూడు ఇటు తిరగదు. మంచమే అటు వెళ్ళాలి.

ఆ మాట అనగానే జంపక్క అదిరిపడింది. "వద్దమ్మా. మంచం బయటికొస్తే ఇంకేముంది? ఊరంతా వస్తది." నిజమే. ఆ ఊళ్ళో ప్రాణం ఇంట్లో పోకూడదని, ఆఖరి ఘడియల్లోనే మనిషిని మంచంతో సహా బయటికి తెస్తారు. ఎన్ని మంచాలు అలా బయటికి రావడం భారతమ్మ చూసిందో. ఆయనా చూశాడు. పెళ్ళాం తన మీద ఆశ వదులుకుందనుకుంటే ఆయన అక్కడే పోతాడేమో.

పొద్దున్నే మంచం పక్కన కూర్చుని ఆయన చెవిలో చెప్పింది. "మిమ్మల్ని బయటికి తీసుకెళ్తున్నా. మీరనుకునే దానికి కాదు. మీ చింతచెట్టు చూపిద్దామని. నన్ను నమ్మండి." ఆయన తిరగలేదు. కంటి నుంచి నీళ్ళు మాత్రం దిండు మీదకి జారాయి.

వీరబాబూ తోటలో పనిచేసేవాళ్ళూ కలిసి మంచం ఎత్తారు. జంపక్క అన్నట్టే అయింది. మంచం గూటికి ఎదురుగా దించేలోపే దడి బయట జనం మూగారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు రాగం అందుకుంది.

"ఏడవాలంటే ఇళ్ళకెళ్ళి ఏడవండి. మనిషి ఉన్నాడు!" అని అరిచింది భారతమ్మ.

ఆవిడ కొంగు దించింది. ఆమె చింతచెట్టు కుండీని రెండు చేతులా పట్టుకుని గూట్లో పెట్టింది. వెనక నల్లటి మద్ది చెక్కలు, ముందు ఆ ఒక్క చెట్టు. పొద్దుటి ఎండ నేరుగా దాని మీద పడింది. బసవపున్నయ్య చూశాడు. కాసేపటికి ఎడమ చెయ్యి పైకి లేచి, గాలిలో తిరగలి తిప్పినట్టు తిరిగింది.

"పోయొస్తానంటుండు" అని దడి బయట ఎవరో గొణిగారు.

భారతమ్మకి అర్థమైంది. ఇన్నేళ్ళూ వినని మాట ఇప్పుడు చెవిలో పడ్డట్టయింది. కుండీని కొంచెం తిప్పింది. చెయ్యి ఆగలేదు. ఇంకొంచెం తిప్పింది. వంపు తిరిగిన మాను ఇటు వంగి, మంచం మీది మనిషిని పలకరిస్తున్నట్టు కనిపించింది. అప్పుడు ఆ చెయ్యి దిగి ఆయన గుండెల మీద ఆగింది.

"ఇదా దీని ముందు?" అంది భారతమ్మ. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన మూతి ఒక పక్కకి వంగింది. నవ్వాడు.

ఆ రోజు నుంచి వాన లేని ప్రతి పొద్దునా మంచం బయటికి వచ్చేది. ఊరు కూడా అలవాటు పడింది, దడి దగ్గర ఆగి చూసి పోయేవాళ్ళే తప్ప ఎవరూ ఏడవడానికి కొంగు తీయలేదు. గదిలో ఉన్నప్పుడు కూడా ఆయన గోడవైపు తిరగడం మానేశాడు.

ఈ చలికాలం ఒక తెల్లవారుజామున ఆయన ఊపిరి మారింది. మంచం ఎక్కడ దించాలో ఎవరూ అడగలేదు. భారతమ్మ మంచం మోసేవాళ్ళకంటే ముందే గూటి దగ్గరికి పరుగెత్తింది. రాత్రి నీళ్ళు పోస్తూ కుండీ పక్కకి తిప్పి వదిలేసిన సంగతి గుర్తొచ్చింది. మంచం వచ్చేలోపు చింతచెట్టుని ఆయనకి ఎదురుగా తిప్పి, అడ్డం లేకుండా పక్కకి తప్పుకుంది.