తొమ్మిది పాదాల చెక్క

మా టీచరమ్మ చేతిసంచిలో దువ్వెన, కళ్ళజోడుతో పాటు ఒక సుత్తి ఉంటుంది. అందుకే పిల్లలు చాటుగా ఆవిడని సుత్తి టీచర్ అంటారు. ఆవిడకి తెలుసు. "చాటుగా ఎందుకర్రా, నా ముందే అనండి" అంటుంది.

మా బడి మందుల షాపు పైన ఒకటే గది, ఇనుప మెట్లెక్కి రావాలి. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా పదిమంది పిల్లలు. ఒక్కరు తగ్గినా గది మూసేస్తామని, అద్దె కట్టే కమిటీ మొదట్లోనే చెప్పింది. నేనక్కడ ఆయాని. ఏడో తరగతితో నా చదువు ఆగింది కాబట్టి, ఊడ్చడం అయ్యాక మూల కూర్చుని నేనూ వింటాను.

ఆవిడ పెద్ద బడిలో ఇరవయ్యేళ్ళు పనిచేసింది. ఒకరోజు పన్నెండో ఎక్కం గడగడా అప్పజెప్పిన పిల్ల, డజను గుడ్ల అట్టలు మూడు ముందు పెడితే ఒక్కో గుడ్డూ వేలితో లెక్కపెట్టిందట. "తప్పు దానిది కాదు, నాది" అని ఆ ఏడాదే మానేసి ఈ గది తెరిచింది. ఇక్కడ ఏం చేసినా చిన్నవాళ్ళు కొలవాలి, పెద్దవాళ్ళు కొయ్యాలి. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు.

చెప్పుల షాపాయన పిల్లలిద్దరూ మా దగ్గరే. ఆయన కిందటి వారం కోపంగా వచ్చాడు.

"మావాడు పుస్తకం ముట్టుకోడు, రంపం పట్టుకుంటాడు. నేను వడ్రంగం నేర్పమన్నానా? శనివారం వచ్చి చూస్తానండి. నచ్చకపోతే ఇద్దర్నీ తీసుకుపోతా."

"తప్పకుండా రండి. ఆ రోజు కిటికీ కింద పుస్తకాల అర బిగిస్తాం" అంది టీచరమ్మ.

శనివారం ఉదయం, ఆయన ఆరేళ్ళ కూతురు కిటికీ కింద మూల నుంచి గుమ్మం దాకా మడమకి వేలు ఆనించి నడిచి "తొమ్మిది పాదాలు" అని అరిచింది. వరండాలో దాని అన్న చెక్క మీద తొమ్మిది పాదాలు నడిచి, గీత గీసి, రంపం అందుకున్నాడు. వాడు నడిచింది వాడి పాదాలతో.

టీచరమ్మ దగ్గరికి వెళ్ళి గొణిగాను. "వాడు..."

"చూశాను."

"మరి చెప్పరా? వాళ్ళ నాన్న వచ్చే వేళైంది."

"నేను చెబితే ఇవాళ్టికే పనికొస్తుంది. నువ్వు కూడా నోరు కుట్టేసుకో."

ఆయన వచ్చేసరికి నలుగురు కలిసి చెక్క మోసుకొస్తున్నారు. ఒక కొస గోడకి ఆనింది. రెండో కొస కిటికీ దాటి గుమ్మానికి అడ్డంగా వచ్చింది.

"బాగుంది. పక్కింట్లో కూడా పుస్తకాలు పెట్టుకోవచ్చు" అన్నాడాయన. తర్వాత చెక్క వంక, పిల్లల కాళ్ళ వంక చూశాడు. రోజూ పాదాలు చూసే మనిషి, క్షణంలో పట్టేశాడు. నోరు తెరవబోతే టీచరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీకు తెలిసిపోయింది. దయచేసి చెప్పకండి."

"చెబితే నిమిషంలో తేలిపోతుందిగా."

"ఆ నిమిషం వాళ్ళదండీ. కూర్చోండి."

అన్నాచెల్లెళ్ళు తగువు పడ్డారు. "నీకు లెక్కే రాదు" అన్నాడు వాడు. పిల్ల ఉక్రోషంగా మళ్ళీ నడిచింది. తొమ్మిదే. వాడూ చెక్క మీద నడిచాడు. తొమ్మిదే. ఇంకొకడు మూల నుంచి గుమ్మం దాకా నడిస్తే ఎనిమిదే వచ్చాయి. "గుమ్మం జరిగిందేమో" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చెప్పుల షాపాయన కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టు కదులుతున్నాడు. టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

చాలాసేపటికి పిల్ల చెక్క ఎక్కింది. తన పాదాలతో తొమ్మిది నడిచి ఆగింది. ముందు ఇంకా బోలెడు చెక్క మిగిలి ఉంది.

"అన్నయ్యా, నీ తొమ్మిది పెద్దది."

వాడు కూలబడి, దాని అరికాలికి తన అరికాలు ఆనించి చూసుకున్నాడు. అది ఆగినచోట గీత గీసి కోశాడు. చెక్క సరిగ్గా సరిపోయింది. వెంటనే ఇంకో గొడవ మొదలైంది. ఇకనుంచి అందరూ ఎవరి పాదంతో కొలవాలి?

"చెల్లి పాదం బొమ్మ గీసి అట్ట కత్తిరిద్దాం" అన్నాడు వాడు. "అందరికీ ఒకటే అట్ట."

ఆయన లేచాడు. "పాపని ఉంచుతానండి. వాడిని మాత్రం..."

"వాడు లేకపోతే ఆ అట్ట కత్తిరించేదెవరు?" అంది టీచరమ్మ. గొంతు మామూలుగానే ఉంది, కానీ దారికి అడ్డంగా నిలబడింది.

ఆయన కొడుకు వైపు తిరిగాడు. "ఏరా, పుస్తకం ఎప్పుడైనా ముట్టుకుంటావా?"

"ముట్టుకోకపోతే అరలో ఎలా సర్దుతాను నాన్నా?"

ఆయనకి నవ్వాగలేదు. "సరే. పరీక్షల దాకా ఇద్దరూ ఉంటారు. అప్పుడు మళ్ళీ వస్తా."

"అంతదాకా ఎందుకండీ? వచ్చే శనివారం రండి, తలుపు గడియ బిగిస్తాం" అని, ఆవిడ తప్పుకుని దారిచ్చింది.