ఒకటి కొడితే ఆగాలి

ఆ రోజుల్లో అలసట నాకు చుట్టం లాంటిది. సాయంత్రం వచ్చేది, నాతో పాటే నాలుగు ముద్దలు తిని పడుకునేది, పొద్దున లేచి చూస్తే వెళ్లిపోయి ఉండేది. ఇప్పుడు ఇంటి మనిషి అయిపోయింది. నాకంటే ముందే లేచి, నా మోకాళ్ల దగ్గర కూర్చుని, "ఇయ్యాల ఏం కుడుదామే?" అని పలకరిస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా పరదాలు కుట్టిన కాళ్లు ఇవి. (మావైపు పరదా అంటే మొహం మీద వేసుకునేది కాదు, పత్తి మీద, లారీ మీద కప్పేది, బోర్డుల మీద టార్పాలిన్ అని రాస్తారు. పరదా చాటున ఉన్నవాళ్ల గురించి మీరు వినే ఉంటారు, నేను పరదాల కింద పడ్డదాన్ని.) నిన్న మా అమ్మాయి నా మిషన్‌కు కొత్త సర్వో మోటారు బిగించింది. దానికి చిన్న మీట ఉంది, ఎంత వేగం కావాలంటే అంత దగ్గర పెట్టుకోవచ్చు. "ఇగ నువ్వు ఎంత తొక్కినా గింతకంటె ఎక్కువ ఉరకదు అవ్వా" అంది. ఆ మీటను చూడగానే నాకు మా నాన్న, మా బాపు గుర్తుకొచ్చాడు. ఎందుకంటే, నా మిషన్‌కు మొట్టమొదటి మీట ఆయనే.

బాపు గోదావరి పక్కన బొగ్గుబాయిలో, బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి గుంజే ఇంజన్ నడిపేవాడు. టబ్బులు ఆయనకు కనిపించవు. లోపలి నుంచి గంట మోగుతుంది, అంతే. ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే నడపాలి. అలా కళ్లతో కాకుండా చెవులతో కొలువు చేసీ చేసీ, ఇంట్లో కూడా ఆయన ఒంటికి అదే అలవాటైపోయింది. అన్నం తినేటప్పుడు గరిటెతో గిన్నెను ఒక్కసారి టంగుమనిపిస్తే చాలు, ముద్ద నోటి దాకా పోయి ఆగిపోయేది. (మా అవ్వ, అంటే మా అమ్మ, ఈ కిటుకును కూర తక్కువైన రోజుల్లో వాడుకునేది.) రిటైరై, కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, అవ్వ పుట్టిన జమ్మికుంటకు వచ్చి అద్దెకు దిగాక, బాపుకు గంట కొట్టేవాళ్లు లేకుండా పోయారు. పొద్దున్నే ఖాకీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చునేవాడు. దారిన పోయేవాళ్లు "ఏం జేస్తున్నవే?" అంటే "డ్యూటీల ఉన్న" అనేవాడు. నెమ్మదిగా తిండి తగ్గింది, తర్వాత మాట తగ్గింది. "నీ కొలువుతోటి ఇల్లు నడుస్తదేమో బిడ్డా, గానీ గా మనిషిని నడిపేదెవరు?" అనేది అవ్వ.

నా కొలువు అప్పటికి వారం రోజులదే. పత్తి మార్కెట్ యార్డు పక్కన పరదాలు కుట్టే దుకాణం. దాని యజమానిని అందరూ పరదాల కాక అనేవాళ్లు. కంపెనీ కాలనీలో ఆడవాళ్లకు నేర్పే కుట్టు క్లాసులో దిండు గలీబులు, లంగాలు కుట్టడం నేర్చుకున్నాను నేను. ఆ మాట దాచిపెట్టి, "మిషన్ తొక్కుడు వస్తది కాకా" అని మాత్రం చెప్పాను. అబద్ధం కాదు గానీ, ఆ మిషన్ కాళ్లతో తొక్కి తిప్పే రకం కాదు, కరెంటుది. జీన్సు ప్యాంట్లు కుట్టే ఏదో కార్ఖానా నుంచి కాక పాతది కొనుక్కొచ్చాడు. బల్ల కింద మోటారు పొద్దస్తమానం గుర్రుమంటూనే ఉంటుంది. కాలితో తొక్కితే క్లచ్ పట్టుకుని సూది లేస్తుంది. ఆ మోటారుకు తెలిసినవి రెండే పనులు: ఒకటి నిద్ర, రెండోది ఉరుకుడు. మధ్యలో నడక అనేది దానికి ఎవరూ నేర్పలేదు. ప్యాంటు గుడ్డ మీద సరే, అంచులో తాడు పెట్టి మడిచిన పరదా మీద, అతుకు మీద అతుకు పడి ఎనిమిది పొరలైన చోట, అది అదే ఉరుకుతో పోయి టప్పుమని సూది విరిచేది. విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో తెలియక నేను కళ్లు మూసుకునేదాన్ని. కళ్లు మూసుకుని కుడితే కుట్టు ఎటు పోతుందో వేరే చెప్పాలా?

కాక మంచివాడు, కానీ ఆలోచనలు ఎక్కువ. "పెద్ద ఎద్దు మెల్లగ నడుస్తది, పెద్ద చక్రం సుత గంతే" అని, మోటారుకు ఉన్న చిన్న పుల్లీ తీసేసి ఎక్కడినుంచో పెద్ద పుల్లీ తెచ్చి బిగించాడు. బెల్టు చక్రం మోటారు వైపు పెద్దదైతే మిషన్ ఇంకా జోరందుకుంటుందని మా ఇద్దరికీ తెలియదు. ఆ పూట నేను కుట్టలేదు, మిషనే నన్ను వెంట పెట్టుకుని పోయింది. కాక తన ఎద్దును తప్పు పట్టలేదు, నన్నే పట్టాడు. "నీ కాలు బరువున్నది బిడ్డా. గీ శనివారం దాక చూస్త. గప్పటికి సూదులు ఇరుగుడు ఆగకుంటె, నేను ఇంకొకల్లను చూసుకుంట. మనసుల పెట్టుకోకు."

మరునాడు మధ్యాహ్నం బాపు నాకు సద్ది డబ్బా తెచ్చాడు. నేను తింటుంటే మిషన్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు, బల్ల కిందికి వంగి చూశాడు. చాలా రోజుల తర్వాత ఆయన గొంతు పెగిలింది. "గీ ఇంజన్‌కు గంట ఏది?"

"మిషన్‌కు గంటేంది బాపూ?"

"గంట లేకుంట ఎట్ల నడుపుతున్నవ్ మరి? కండ్లతోనా? కండ్లు సూది మీద ఉంటయి, అతుకు వచ్చేది ఎవడు చూడాలె?" అని, కాక దగ్గర ఒక పానా అడిగి తీసుకుని, నా పక్కన ఖాళీ నూనె డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. అతుకు దగ్గర పడగానే బల్ల ఇనుప కాలి మీద పానాతో ఒకటి కొట్టేవాడు. నేను కాలు తీసేసి, ఆ ఎనిమిది పొరలనూ చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో పోటు, ఒక్కో పోటు దాటించేదాన్ని. గుట్ట దిగాక రెండు కొట్టేవాడు, మళ్లీ తొక్కేదాన్ని. ఆ పూట ఒక్క సూది విరగలేదు. సాయంత్రం ఇంటికి పోయాక బాపు అవ్వతో అన్న మాట ఇదొక్కటే: "రేపు నాకు గూడ డబ్బా కట్టు." అవ్వ పొయ్యి వైపు తిరిగి చాలాసేపు ఏదో కలుపుతున్నట్టు నిలబడింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మూడు రోజులు అలా గడిచాయి. నా బుర్రకు పని లేకుండా పోయింది, చెవి నుంచి కాలికి నేరుగా తీగ లాగినట్టయింది. శుక్రవారం పొద్దు తిరిగాక హుస్నాబాద్ దిక్కు నుంచి పత్తి తెచ్చిన ఒక పెద్దవ్వ దుకాణంలోకి ఉరికొచ్చింది. ఆమె పత్తి ఆ రోజు కాంటా ఎక్కి తూకం కాలేదు, యార్డులో కుప్పగా పడి ఉంది, పైన మొగులు నల్లబడింది. ఆమె పాత పరదా కుప్పకు చాలదు. దానికి కొత్త ముక్క అతికించాలి. "జర జల్ది బిడ్డా, ఏడాది కష్టం గాడ ఆరుబయట ఉన్నది" అంటూ ఆమె గడప దగ్గరే నిలబడిపోయింది. కాక నా వైపు చూసి, "శనివారం దాక ఎందుకు, ఇయ్యాల్నే తేలుతది" అన్నాడు. రెండు ముక్కల అంచులూ కలిపి పట్టుకుని మొదలుపెట్టాను. సగం అతుకు నీటుగా పడింది. సరిగ్గా అప్పుడు సందు మొదట్లో పీచుమిఠాయి బండి అబ్బాయి గంట మోగించుకుంటూ వచ్చాడు.

టింగ్ అంటే నా కాలు ఆగింది. టింగ్ టింగ్ అంటే ఉరికింది. బాపు ఒకటి కొడుతున్నాడు, బండివాడు రెండు కొడుతున్నాడు, నా కాలు ఇద్దరి మాటా కాదనలేకపోయింది. (అప్పటికీ ఇప్పటికీ నా జబ్బు అదే, ఎవరి మాటా కాదనలేను.) బాపు పానా పట్టుకునే బయటికి ఉరికాడు.

"ఒక్కటే! ఒక్కటే కొట్టు! రెండు వద్దు!"

"ఒక్కటే ఇస్తనే, పరేషాన్ కాకు. గులాబీదా, తెల్లదా?"

"అరె, రెండు కొట్టకురా అంటె!"

"తాత పానా పట్టుకున్నడు, గులాబీదే ఇస్త" అని వాడు భయపడి గంట ఇంకా గట్టిగా మోగించాడు. నా కాలు ఎనిమిది పొరల మీదికి పూర్తి జోరుతో ఎక్కేసింది. టప్పుమంది. సూది పోయింది, దాంతో పాటు నా చున్నీ కొంగు పరదాలో జానెడు దూరం కుట్టుకుపోయింది. లేవబోతే మెడ లేవలేదు. నేనూ పరదా ఒకటైపోయాం. గడప దగ్గర పెద్దవ్వ ఆకాశం వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "పోనీ తియ్యి బిడ్డా" అంది.

బాపు ఒక చేతిలో పానా, ఇంకో చేతిలో గులాబీ రంగు పీచుమిఠాయితో తిరిగొచ్చాడు. రెండూ బల్ల మీద పెట్టి, మోటారు బంద్ చేసి, బెల్టు ఊడబీకాడు. "కాకా, ఇంకొక సూది తియ్యి. మోటరుకు నడుసుడు తెల్వది, దాన్ని పండనియ్యి. ఇంజన్ నేను నడుపుత. బిడ్డా, నువ్వు గంట కొట్టు." అని మిషన్ పక్కన నిలబడి చక్రం రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను చున్నీని కత్తెరతో మెడ దగ్గర తెగ్గోసి, అదే కత్తెరతో బల్ల మీద రెండు కొట్టాను. చక్రం తిరిగింది. ఎంత మెల్లగానంటే, ఒక్కో పోటు పొరల్లోకి దిగడం నా వేళ్లకు తెలిసింది. ఒకటి కొట్టాను, ఆగింది. బాపు కళ్లు మూసుకుని ఉన్నాడు. చెవి నా వైపు పెట్టి, మెడ కొంచెం వంచి. బొగ్గుబాయిలో ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. చూసి ఉంటే ఇలాగే ఉండేవాడనుకుంటాను. చివరి కుట్టు పడేసరికి రేకుల మీద మొదటి చినుకులు టపటపమన్నాయి. పెద్దవ్వ ముందు ఉరుకుతుంటే, నలుగురం పరదా నాలుగు మూలలు పట్టుకుని యార్డుకు ఉరికాం. (నాలుగో మూల పీచుమిఠాయి అబ్బాయిది. వాడి సరుకు కూడా తడిస్తే మిగలదు కదా, కుప్ప పక్కనే బండి పెట్టుకుని పరదా కింద దూరాడు.) వాన గంటసేపు కొట్టింది. పెద్దవ్వ పరదా లేపి చెయ్యి పెట్టి చూసి, "చుక్క దిగలే!" అని అరిచింది. అతుకు మధ్యలోంచి నా పచ్చ చున్నీ తోకలా వేలాడుతోంది. "గిది గిట్లనే ఉండనియ్యి" అని తీసుకుపోయింది.

శనివారం పొద్దున భయం భయంగా దుకాణానికి పోతే, కాక నా చేతికి కొత్త సూదుల పొట్లం ఇచ్చాడు. నా స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసి ఉంది. బాపు ఖాకీ చొక్కా సర్దుకుని దాని మీద కూర్చున్నాడు.

తర్వాత కొన్నాళ్లకు ఒక మెకానిక్ వచ్చి, నవ్వి నవ్వి, చిన్న పుల్లీని మోటారుకు, పెద్దదాన్ని మిషన్ వైపు మార్చి బిగించాడు. ఆ రోజు నుంచి మిషన్ బుద్ధిగా నడవడం నేర్చుకుంది. (తన ఎద్దు లెక్క తప్పని కాక మాత్రం ఒప్పుకోలేదు.) నిజానికి ఇక గంట అవసరమే లేదు. ఆ మాట బాపుకు ఎవరూ చెప్పలేదు, నేనసలే చెప్పలేదు. ఆయన కొడుతూనే ఉన్నాడు, నేను ఆగుతూనే ఉన్నాను. చివరి ఏడాది చేయి వణికి, ఒకటి కొట్టబోతే రెండు మోగేవి. నేను ఒకటిగానే విన్నాను.

నిన్న సాయంత్రం మా అమ్మాయి మీటను అన్నిటికంటే కిందికి తిప్పిపెట్టింది. ఇవాళ మా ఇంటి ముందు గదిలో మిషన్ చప్పుడు లేకుండా, మెల్లగా, మంచిగా కుడుతోంది. దానికి అలుపు లేదు. పొద్దు గూకింది, వీపు లాగుతోంది, ఇంకో రెండు పరదాలున్నాయి, నేను ఆగడం లేదు. ఇన్నేళ్లూ మిషన్‌ను మెల్లగా నడపడానికి ఎంతో కష్టపడ్డాం, నన్ను నడిపేదాని గురించి మాత్రం ఎవరూ బల్ల కిందికి వంగి చూడలేదు. డ్రాయరులో వెతికితే పాత పానా దొరికింది. బల్ల కాలి మీద ఒకటి కొట్టాను. నా కాలు దానంతటదే పైకి లేచింది.

లోపలినుంచి మా అమ్మాయి, "గా సప్పుడేంది అవ్వా? ఎవరు కొట్టిండ్రు?" అంది.

"నేనే" అని చాయ పెట్టుకుందామని లేవబోయాను. మోకాళ్లు కదల్లేదు. పాపం, వాటి తప్పేముంది? పానా మళ్లీ అందుకుని, ఈసారి రెండు కొట్టాను.