బూడిద రంగు పడుగు

గద్వాలలో ఒక సామ్రాజ్యం కూలిన కథ చెబుతాను. రాజు మట్టి కరిచాడు, ప్రజలు హాహాకారాలు చేశారు. సరే, నిజం ఒప్పుకుంటా. సామ్రాజ్యం అంటే మా ఇంట్లో ఉన్న ఒక్క మగ్గం. రాజు నేను. హాహాకారం చేసింది మా అమ్మ ఒక్కతే, అదీ పాలు పొంగినందుకు.

వనపర్తిలో డిగ్రీ ముగించి వచ్చిన కొత్తలో నా తెలివి కొత్త గొడుగు లాంటిది. వాన లేకున్నా తెరిచేవాణ్ని. ఫోన్‌లో చూస్తే పెళ్లికూతుళ్లందరూ బూడిద రంగు చీరల్లోనే. దూరపు కొండలు నునుపంటారు, ఫోన్‌లో బూడిద కూడా నునుపే.

"నాయినా, ఈసారి బూడిద రంగు పడుగు ఎక్కిద్దాం."

మగ్గం గుంతలో కూర్చున్న నాయిన తల తిప్పలేదు. "లగ్గం చీరలకా, దినాల చీరలకా?"

"గిప్పుడు గిదే నడుస్తున్నది."

"నడిచేదాన్ని నమ్మొద్దు కొడుకా. ఎటన్న పోతది."

"పట్నం మేడం సూస్తే ఇడిసిపెట్టదు. లగ్గాల ఆర్డరంత మనకే."

ఆ మేడంకు హైదరాబాద్‌లో చీరల దుకాణం. ఆమె ఇచ్చే లగ్గాల ఆర్డరే మా ఇంటి బువ్వ. అందుకే నాయిన మెత్తబడ్డాడు. మీకో మాట చెప్పాలి. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా పరిచే దారం. ఒకసారి ఎక్కించామా, అది అయిపోయేదాకా దిగే చీరలన్నీ అదే రంగు. లగ్గం లాంటిదే, మధ్యలో మనసు మారితే లాభం లేదు.

మొదటి చీర దిగింది, మేడం వచ్చింది. మడత విప్పి చిన్నగా నవ్వింది. "బాగా ఫ్యాడిష్‌గా ఉంది" అని, చాయ్ తాగి, ఫోన్ చేస్తానని పోయింది.

"ఏమన్నదిరా?" నాయిన.

"మెచ్చుకున్నది."

"మెచ్చుకుంటే చీర గీడనే ఎందుకిడిసిపోయింది?" అమ్మ.

"పెద్దోల్లు గట్లనే."

చాయ్ హోటల్ దాకా పోయి ఆ ఫ్యాడిష్ మాట పంచి వచ్చాను, బారసాల లడ్డూల్లాగ. పక్కింటి కిష్టన్న కూడా నేతగాడే. ఇంటిదాకా వెంటబడ్డాడు. "జర అర్థం చెప్పు తమ్మీ, నేను గూడ వాడుకుంట."

అప్పుడు తీశాను డిక్షనరీ, నాయిన ముందరే, గట్టిగా చదువుతూ. "ఫ్యాడిష్. నాలుగు దినాలు ఊపి మాయమయ్యే మోజుకు చెందినది." గొంతు తగ్గింది. "ఫ్యాడ్ అనే మాట నుంచి వచ్చింది. ఆ ఫ్యాడ్ ఏడ పుట్టిందో ఖాయంగా తెల్వదు. పసలేని హడావిడిని ఫిడిల్-ఫ్యాడిల్ అంటరు, దాని తోక కావచ్చంట."

నాయిన మగ్గం ఆపాడు. "నాలుగు దినాల మోజు, పసలేని హడావిడి. చీరను గాదురా, నిన్నే అన్నది."

అంతలో మేడం ఫోన్. ఎర్రవి, పసుపువి వెంటనే కావాలట. మా మగ్గం నిండా బూడిద. కిష్టన్న మగ్గం మీద ఎర్ర పడుగు. ఆర్డర్ గోడ దాటి పోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను రచ్చంతా చాటింపు వేసి ఇంట్లో ఓడాను.

ఆ రోజే మగ్గం మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను: సూర్యచంద్రులున్నంత కాలం ఫోన్ చూసి పడుగు ఎక్కించను.

"ఒట్టయిందా? జరుగు" అన్నాడు నాయిన. "గింకా బూడిద పడుగు శానా ఉన్నది."