తగిలించిన పేరు

పెడనలో కలంకారీ అద్దకం పనిచేసే గోవిందరాజులుకు పేర్లు పెట్టే జబ్బు ఉంది. షెడ్డులో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే చాలు, ఒకరికి తోక తగిలించేవాడు. ఊరంతా అదే పట్టుకునేది. ఏదో ఘనకార్యం చేసినట్టు ఆయన మురిసిపోయేవాడు.

ఆయన నల్లగీతల అచ్చు కొడుతూ బల్ల వెంట ముందు నడిస్తే, మహాలక్ష్మి ఎర్రరంగు అచ్చుతో వెనకే నింపుకుంటూ వచ్చేది. ఎనిమిదేళ్లు అలా చేశాక ఆమె ఇంటిపనికి కువైట్ వెళ్లింది. నాలుగేళ్లకు, పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ మీద తిరిగొచ్చేసరికి షెడ్డులో ఇంకో మహాలక్ష్మి చేరి ఉంది.

"అయితే నువ్వు ఖల్లివల్లి మహాలక్ష్మివి!" అన్నాడాయన మొదటిరోజే. యజమాని ఇంట్లోంచి పారిపోయి, కాగితాల్లేకుండా బతికేవాళ్లను అక్కడ మనవాళ్లు అనే మాట అది. అందరూ నవ్వారు.

"ఇస్త్రీపెట్టెతో వీపు కాల్చారు బాబాయ్. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉండిపోయింది. తలుపు తీసుంటే వచ్చేశాను. ఆ మాట మాత్రం అనమాక" అంది మహాలక్ష్మి.

"ఊరికే, సరదాకమ్మా" అన్నాడు. మర్నాడూ అన్నాడు. నెల తిరిగేసరికి రేషన్ షాపులోనూ అదే పేరు, కూతురు లక్ష్మీదుర్గకు బడిలోనూ అదే పేరు. ఒకరోజు మహాలక్ష్మి అచ్చు కడిగి, బోర్లించి, వెళ్లిపోయింది. తల్లీకూతుళ్లు చల్లపల్లి మారారని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ఆయన వెనక ఎవరెవరో రంగు వేశారు. ఎరుపు గీత దాటినప్పుడల్లా ఆమె చెయ్యి గుర్తొచ్చేది, ఆ వెంటనే ఆమె వీపు. తను చేసిన పాపం ఆయనకు తలకెక్కడానికి ఏడాది పట్టింది. క్షమించమని అడిగి, మళ్లీ పనికి పిలుద్దామని బస్సెక్కాడు.

చల్లపల్లిలో ఆమె ఉండే వీధి దొరికింది, ఇల్లు దొరకలేదు. పంపు దగ్గర గిన్నెలు తోముతున్న వెంకటరత్నమ్మను అడిగాడు.

"ఏ మహాలక్ష్మండీ? ఈ వీధిలో ముగ్గురున్నారు."

లక్ష్మీదుర్గ వాళ్లమ్మ అంటే సరిపోయేది. నాలుక పాత దారే పట్టింది. "అదేనమ్మా, ఖల్లివల్లి మహాలక్ష్మి."

"ఏమే మహాలక్ష్మీ! ఖల్లివల్లి అంటున్నారు, నీ కోసమేనా?" అని వెంకటరత్నమ్మ వీధంతా వినబడేలా కేకేసింది.

ఎదురింటి గుమ్మంలోకి మహాలక్ష్మి వచ్చింది. ఆయన్ని చూసింది.

"ఇక్కడెవరికీ తెలీదు బాబాయ్" అని తలుపేసుకుంది.

"ఇంతకీ ఖల్లివల్లి అంటే ఏంటండీ?" అంది వెంకటరత్నమ్మ.

"నాకూ తెలీదమ్మా" అన్నాడు గోవిందరాజులు. అప్పటికే రెండిళ్ల అవతల ఎవరో ఆ మాట అని నవ్వుతున్నారు.